ఎడమకు తిరగని టిల్లరు

కార్తీక మాసం మూడో గురువారం, పొద్దున తొమ్మిదింబావు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు వెళ్ళే బస్సు మా ఊరి మలుపులో హారన్ కొట్టి ముందుకు పోయిన మరుక్షణం, మా ఇంటి వెనక కల్లంలో, ఐదుగురి ముందు నా పరువు పోయింది. (గడియారం చూడడం అప్పటికి నాకు రాదు. ఆ బస్సే మా ఊరికి గడియారం. అది ఆలస్యంగా వచ్చిన రోజు మా ఊళ్ళో అందరి పనులూ ఆలస్యమే.) పెళ్ళి ముహూర్తం ఎన్ని గంటలకో అడిగితే చెప్పలేను గానీ ఇది మాత్రం నిమిషంతో సహా చెప్తాను. పెళ్ళిలో నేను చేసింది ఏమీ లేదు, తల వంచుకుని కూర్చోవడం తప్ప. ఇది నా చేతులారా చేసుకున్నది.

ఆ రోజుల్లో కొత్త కోడలి నోటికి రెండే పనులు. తినడం, అడిగినదానికి ‘ఊ’ అనడం. మామగారి అన్న ముందైతే ఆ ‘ఊ’ కూడా ఉండకూడదు. తలుపు వెనక నిలబడి గాజులు కదిలిస్తే చాలు, ‘ఉన్నాను, వింటున్నాను’ అని అర్థం. నేను తొండూరు వైపు పిల్లను, అప్పటికి పందొమ్మిదేళ్ళు. పెళ్ళయి ఆరు నెలలు. ఆ ఇంట్లో నా గాజులు మాట్లాడినంత నేను మాట్లాడలేదు. అక్షరాలు నాకు వచ్చింది యాభై దాటినాక, మనవరాలి పలక మీద. అంత ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి వాటిని వృథా చేయడం నాకిష్టం ఉండదు, జరిగింది జరిగినట్టు రాస్తాను. నా గురించి మంచిగా రాసుకునే ఉద్దేశం లేదు. రాసుకుందామన్నా ఇందులో అంత మంచి దొరకదు.

మా అత్తవాళ్ళది గొర్రెల ఇల్లు. మా మామకు, ఆయన అన్నకు కలిపి ఒకే మంద. ఆ అన్నను మేమంతా పెద్దమామ అనేవాళ్ళం. ఏటా దీపావళి దాటినాక మంద బయల్దేరేది. నంద్యాల వైపు వరి కోసిన పొలాల్లో గొర్రెలను రాత్రిళ్ళు ఆపితే ఆ పొలానికి ఎరువు, గొర్రెలకు మేత. అట్లా పొలం మీద పొలం మారుతూ పోయి, ఉగాదికి తిరిగి ఇల్లు చేరేవాళ్ళు. మందతో పోయిన మగవాళ్ళు ఆ నెలలన్నీ కంబడి కప్పుకుని పొలం గట్ల మీదే. నేను కాపురానికి వచ్చిన వారానికే ఈ సంగతి మా అత్త నాకు చెప్పింది. "మే, ఈ ఇంట్లో పెండ్లాలకు మొగుళ్ళు సగం ఏడాదే. మిగతా సగం గొర్రెలకు. నేను అట్లనే బతికినా, నువ్వూ అట్లనే బతుకు" అని, కూరలో ఉప్పు చాలిందా అని అడిగినంత తేలికగా.

అట్లాంటి ఇంటికి, ఆ ఏడు దసరాకు ముందు, మా మామ టిల్లరు తెచ్చాడు. చదివేవాళ్ళలో చూడనివాళ్ళుంటే చెప్తాను: అది కూర్చుని తోలే ట్రాక్టరు కాదు. ముందర ఇంజను, రెండు చక్రాలు, వెనక పొడుగాటి రెండు పిడులు. ఆ పిడులు పట్టుకుని దాని వెంట నడవాలి. ప్రొద్దుటూరులో ఒకాయన వాడి వదిలేసినదాన్ని మా మామ ఎద్దుల బండి మీద ఎక్కించుకుని, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు. "ఇంక గొర్రెలు మా అన్న చూసుకుంటాడు. చేను నా కొడుకు చూసుకుంటాడు. నలుగురి చేలూ దున్నుతాడు" అని ఊళ్ళో చెప్పాడు. అంటే మా ఆయన మందతో పోడు, ఇంటి దగ్గరే ఉంటాడు. ఆ ఇనుప జంతువును చూసి ఊరంతా దుక్కి గురించి మాట్లాడుకుంటుంటే, నేను వంటింట్లో నిలబడి ఉగాది దాకా ఎన్ని నెలలో వేళ్ళ మీద ఎంచుకున్నాను.

ఇక్కడ నా పుట్టింటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాయనకు కొడుకులు లేరు. బండి పని నాదే. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన చేసి, శనివారం శనివారం బండి చక్రం వదులు చేసి ఇరుసుకు పూసేదాన్ని. కందెన వేయని బండి కిర్రుమంటూ పోతుంటే మా నాయన సిగ్గుపడి చచ్చేవాడు. "ఆడబిడ్డ ఉండే ఇంట్లో బండి ఏడ్చొచ్చా?" అనేవాడు. కాబట్టి అత్తవారింటికి చక్రాలున్న వస్తువు రాగానే, దాని ఆలనాపాలనా నాదేనని నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. దసరాకు మా అత్త టిల్లరుకు కుంకుమ పెట్టింది. మర్నాడు తెల్లారుజామున, వాకిట్లో కల్లాపి చల్లడానికి ముందు, నేను ఒక చిన్న గిన్నెలో ఆముదం పట్టుకుని కల్లంలోకి వెళ్ళాను.

ఎక్కడ పోయాలో వెతికాను. ఇరుసు కనపడదు, అంతా ఇనుప డబ్బాలు. ఎడమ చక్రం లోపలి వైపు గుండ్రటి డబ్బా ఒకటి, దాని మీద చిటికెన వేలు పట్టేంత బొక్క, ఆ బొక్కకు రబ్బరు బిరడా. చూడగానే నాకు సంతోషం వేసింది. ఇంత తెలివిగా నోరు పెట్టి, దానికి మూత కూడా పెట్టాడే ఆ మిషను చేసినవాడు అనుకున్నాను. బిరడా తీసి ఆముదం పోశాను. గుటక వేసినట్టు లోపలికి పోయింది. కుడి చక్రానికీ అట్లాంటి బిరడానే ఉంది గానీ అది బిగుసుకుపోయి రెండు గోళ్ళు విరిగినా రాలేదు. సరే, దాని రాత అనుకుని, మర్నాటి నుంచి ఎడమదానికే రోజూ ఒక గిద్దెడు పోస్తూ వచ్చాను. (బండికి వారానికి ఒకసారి చాలు. కానీ ఇది మా ఆయనను ఆపి ఉంచే బండి. దీనికి దినామూ పోయడం న్యాయం అనిపించింది.)

ఆ డబ్బాలో ఏముందో ఇప్పుడు చెప్తాను, అప్పుడు నాకు తెలియదు. టిల్లరుకు తిప్పే చక్రం లాంటిదేమీ ఉండదు. ఎడమ పిడి కింద ఒక లివరు, కుడి పిడి కింద ఒక లివరు. ఎడమది నొక్కితే లోపలి బ్రేకు ఎడమ చక్రాన్ని పట్టుకుని ఆపుతుంది. కుడి చక్రం తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు టిల్లరు ముక్కు ఎడమకు తిరుగుతుంది. ఆ పట్టుకునే బ్రేకు పట్టీలు ఉండేది సరిగ్గా ఆ గుండ్రటి డబ్బాలోనే. నేను నోరు అనుకున్నది, లోపలి పట్టీ ఎంత అరిగిందో చూడడానికి పెట్టిన సందు.

పది పదిహేను రోజులకు టిల్లరు ఎడమకు తిరగడం తగ్గింది. మా ఆయన లివరు ఎంత నొక్కినా అది ఏదో ఆలోచించి ఆలోచించి, నాలుగు బారల దూరం పోయి, కొంచెం ఎడమకు ఒరిగేది. తర్వాత ఒరగడం కూడా మానేసింది. కుడికి మాత్రం చెప్పినట్టు తిరిగేది. మా ఆయన మాట తక్కువ మనిషి, ఎవరికీ చెప్పకుండా ఉపాయం కనిపెట్టాడు. ఎడమకు పోవాలంటే కుడికి మూడుసార్లు తిరగడం. చేను చివర ఆయన అట్లా చుట్లు చుడుతుంటే గట్టు మీద నిలబడి పెద్దమామ అరిచేవాడు: "రేయ్, దున్నుతాండావా, ప్రదక్షిణాలు చేస్తాండావా? ఒక టెంకాయ కూడా కొట్టు, పుణ్యమొస్తాది!"

ఇక వైద్యాలు మొదలయ్యాయి. మా ఆయన లివరు నుంచి బ్రేకు దాకా పోయే కడ్డీని బిగించాడు. ఒక మర బిగిస్తే ఒక పూట కొంచెం పట్టు వచ్చేది, మర్నాడు మళ్ళీ మొదటికే. (మర్నాడు ఎందుకు మొదటికి వచ్చేదో ఊరు మొత్తంలో ఒక్క మనిషికే తెలియాలి. ఆ మనిషి వాకిట్లో కల్లాపి చల్లుకుంటూ ఉండేది.) చివరికి కడ్డీ మీద మరలే అయిపోయాయి. మా మామ చక్రాల చుట్టూ రెండు రోజులు తిరిగి, "ఎడమ పక్క బరువు చాల్లేదు రా" అని తేల్చి, ఒక నాపరాయి ముక్క తాడుతో ఆ పక్కకు కట్టించాడు. టిల్లరు కాల్లో ముల్లు గుచ్చుకున్న ఎద్దులా కుంటుకుంటూ తిన్నగానే పోయింది. మా అత్త రాయి మీద నమ్మకం లేక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు నల్లదారంతో పిడికి కట్టింది. "ఎదురింటిది చూసిన చూపు అట్లాంటిది. మొన్న దీన్ని చూసి ‘ఎంత బాగుందమ్మా’ అనింది, నా చెవులతో విన్యా" అంది. పెద్దమామకు మాత్రం వైద్యం మీద ఆసక్తి లేదు. "నా గొర్రెకు ఎడమ ఏందో, కుడి ఏందో తెలీదు. కట్టె చూపిస్తే తిరుగుతాది. యాలరా ఈ ఇనుముతో గోల? నాతో రా, మంద పెద్దదైంది, ఇంకో మనిషి కావాల" అని రోజూ సాయంత్రం వచ్చి మా మంచం మీద కూర్చునేవాడు.

నా వైద్యం నేనూ చేస్తున్నాను కదా. కుడి చక్రానికి చుక్క నూనె లేకపోయినా బాగా పని చేస్తోంది, అది మొండి ఘటం. ఎడమది పాపం పీలగా ఉంది, దానికి మేత చాలడం లేదు. ఇదీ నేను చేసిన ఆలోచన. గిద్దెడును రెండు గిద్దెలు చేశాను. ఆముదం చెంబు ఖాళీ అవుతుండడం చూసి మా అత్తకు అనుమానం వచ్చింది. "మా బావ మోకాళ్ళకు రుద్దుకుంటాండాడేమో. ఊరికే దొరికే నూనె అని తొడల దాకా రుద్దుతాండాడు" అని మూడు రోజులు ఆయనకు మజ్జిగ కూడా ఇవ్వలేదు. నేను తలుపు వెనక గాజులు కూడా కదిలించకుండా నిలబడ్డాను. (ఆ పెద్దాయన మజ్జిగ విషయంలో నాకు ఇప్పటికీ బాధే.)

ఆ సోమవారం అసలు గండం వచ్చింది. పులివెందుల దారిలో ఒకాయన చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, సాళ్ళ మధ్య కలుపు దున్నడానికి మా ఆయనను పిలిపించాడు. ఆ తోట బాగా దున్నితే చుట్టుపక్కల తోటలవాళ్ళంతా పిలుస్తారు. మా ఆయన పొద్దున్నే పోయాడు, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు, చొక్కా భుజం దగ్గర చినిగి, మోచెయ్యి గీరుకుపోయి. మా మామ అడిగితే నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి చెప్పాడు.

"మొదటి సాలు బాగనే పోయింది నాయనా. చివర్లో ఎడమకు తిప్పాల. కుడికి తిప్పే జాగా లేదు, ఆ పక్క పైపులు. ఎడమ లివరు నొక్కినా. రెండు చేతులతో నొక్కినా. అది పోతానే ఉండాది. రెండు చీనీ మొక్కలు పీకి, కంపలోకి పోయింది. నేనూ పోయినా."

"తోటాయన ఏమన్యాడు?"

"ఏమప్పా, నీ మిషను ఎడమ పక్కకు పోనని ఒట్టు పెట్టుకుందా అన్యాడు. ఇంక రావద్దన్యాడు."

పెద్దమామ మంచం మీదే ఉన్నాడు. నవ్వలేదు. అది చూసి ఇంకా భయం వేసింది నాకు. మా మామ తీర్పు చెప్పాడు. "గురువారం ప్రొద్దుటూరు నుంచి మెకానిక్కును పిలిపిస్తా. ఆయన చేతిలో కూడా తిరగకుంటే ఈ ఇనుము నా కల్లంలో ఉండేదానికి లేదు. అమ్మే ఏర్పాటు నేను చూసుకుంటా. ఆదివారం మంద పోతాది. నువ్వూ పో." ఆ ఏడు వరి కోతలు ఆలస్యమై మంద ఇంకా కదలలేదు, ఆదివారం ముహూర్తం పెట్టుకున్నారు. మా ఆయన "సరే నాయనా" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. నేను లోపల జొన్నపిండి పిసుకుతూ ఉన్నాను. ఆ రోజు రొట్టెల్లో నీళ్ళు ఎక్కువయ్యాయని మా అత్త తిట్టింది. నీళ్ళు నేను పోసినవి కావు.

గురువారం తెల్లారుజామున లేచాను. బిడ్డను డాక్టరుకు చూపించే రోజు తల్లి ఏం చేస్తుంది? తలంటి, కడుపునిండా పెట్టి, నిబ్బరంగా కనిపించేట్టు చేసి తీసుకుపోతుంది. నేనూ అదే చేశాను. బిరడా తీసి, చెంబు ఎత్తి, లోపలికి పట్టినంతా పోశాను. ఇంక వద్దని బయటికి కారేదాకా పోశాను. కారిందాన్ని కొంగుతో శుభ్రంగా తుడిచి, బిరడా పెట్టి, దానికి దండం కూడా పెట్టాను.

ఎనిమిది దాటగానే మెకానిక్కు దిగాడు. ఊళ్ళలో అందరూ ఆయనను పానా మామ అనేవాళ్ళు. బక్కపల్చటి సాయిబు, జేబులో కలం పెట్టుకునే చోట చిన్న పానా ఉండేది. వచ్చీరాగానే మిషనును ముట్టుకోడు. టీ తాగుతూ దాని చుట్టూ తిరుగుతాడు, సంబంధం చూడడానికి వచ్చినవాడిలా.

"రాయి యాలప్పా కట్టినారు?"

మా మామ దగ్గాడు.

"ఈ నిమ్మకాయ?"

మా అత్త ఆకాశం వంక చూసింది, వాన వస్తుందేమోనని.

"సరే, ఉండనీ. రాయి తియ్యండి, నిమ్మకాయ ఉండనీ" అన్నాడు పానా మామ. "ఎన్నాళ్ళాయ ఇట్ల? ఎవురన్నా ఇప్పినారా?"

"దసరా అయినాక పదైదు దినాలకు మొదలైంది మామా. ఎవురూ ఇప్పలేదు. పైన కడ్డీ బిగించినా, అంతే" అన్నాడు మా ఆయన.

పానా మామ దాన్ని తోలుకుని కల్లంలో పది చుట్లు తిరిగాడు. కుడికి చక్కగా తిరిగింది. ఎడమ లివరు నొక్కితే నేరుగా మా గొర్రెల దొడ్డి గోడ వైపు పోయింది. ఆపి, రెండు డబ్బాల మీదా చెయ్యి పెట్టి చూశాడు. "ఇట్ల రాప్పా. కుడిది ముట్టుకో. కాల్తాందా? ఎడమది ముట్టుకో. సల్లగా ఉండాది. పని చేసినోనికి చెమట పడతాది. వీనికి చెమటే లేదు, వీడు పనే చేస్తాండ్లేదు. లోపల ఏందో ఉండాది" అన్నాడు. పెద్దమామ మంచం కల్లంలోకి వేయించుకుని మరీ కూర్చున్నాడు. నేను వెనక తలుపు చాటున ఉన్నాను. చక్రం ఊడదీశారు. డబ్బా మూతకున్న బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశారు. దూరంగా బస్సు హారన్ వినిపించింది. పానా మామ మూత లాగాడు.

కుండ పగిలినట్టు కారింది. జిగటగా, పసుపు పచ్చగా, ఆయన కాళ్ళ మీద, ఇసుక మీద. ఆయన వెనక్కి గెంతి, రెండు వేళ్ళతో తీసి, రుద్ది చూశాడు. వాసన చూశాడు. "ఇంజనాయిలు కాదు" అన్నాడు. మళ్ళీ వాసన చూశాడు. "గేరాయిలూ కాదే." మూడోసారి వాసన చూసి, మా అందరి వంకా పిచ్చివాళ్ళను చూసినట్టు చూసి, మా అత్తను పిలిచాడు. "అమ్మా, జరా ఇట్ల రా. నువ్వు చూసి చెప్పు, ఇదేందో."

మా అత్త వంగి వాసన చూసింది. "ఆముదం!" అంది. మరుక్షణం నిటారుగా లేచి, "నా ఆముదం!" అని అరిచింది.

పానా మామ ఇసుకలో కూలబడ్డాడు. "అల్లా! నా చేతిలో ఎన్నో మిషన్లు పడినాయప్పా. బ్రేకుకు తలంటిన ఊరు ఇదొక్కటే. బ్రేకు పని ఏంది? పట్టుకోవడం. గరుకుగా ఉంటేనే పట్టుకుంటాది. మీరు దాన్ని జారుడు బండ చేసినారు. ఎవురప్పా ఇది?"

 మా అత్త మొదట పెద్దమామ మోకాళ్ళ వంక చూసింది, అలవాటు కొద్దీ. మా మామ మా ఆయన వంక చూశాడు. మా ఆయన మాత్రం తలుపు వంక చూశాడు. కొంగుకు అంటిన మరక చూశాడో, నా ముఖమే చూశాడో తెలియదు. నిదానంగా తండ్రి వైపు తిరిగి, "నేనే పోసినా నాయనా" అన్నాడు.

మా మామ ముఖం నల్లబడింది. "నువ్వా? నీ చేతులతో నువ్వే పోసి, నాతో రాళ్ళు కట్టించినావా? బ్రేకులో ఆముదం పోసేవానికి మిషను యాలరా? పో, గొర్రెలకే పో. వాటికి పోసినా ఏం కాదు!"

"ఆదివారం ఎండ ఎక్కకముందే బయల్దేరాల. కంబడి చూసి పెట్టుకో" అన్నాడు పెద్దమామ లేవబోతూ.

అప్పుడు నేను బయటికి వచ్చాను. ఎట్లా వచ్చానో తెలియదు, కాళ్ళు ముందు వచ్చాయి. పెద్దమామ ముందు తల ఎత్తి నిలబడడం అదే మొదలు. మెల్లగా చెప్దామనుకున్నాను గానీ, ఆరు నెలలు వాడని గొంతు, కొలత తెలియక, చేలో పిట్టలను తోలే గొంతు బయటికి వచ్చింది.

"ఆయన కాదు! నేను పోసినా. దినామూ పోసినా. ఈ పొద్దు శానా పోసినా!"

దొడ్లో గొర్రెలు కూడా మేత ఆపాయి.  "యాలమ్మా?" అన్నాడు మా మామ.

"ఈ పొద్దు మెకానిక్కు వస్తాండాడని."

పానా మామ భుజాలు ఊగడం మొదలైంది. మా మామ ఊగలేదు. "అది కాదు. అసలు యాల పోసినావు?"

ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండొచ్చు. తోచలేదు. "అది బాగుంటే ఆయన ఈడనే ఉంటాడని. నంద్యాల పక్కకు పోడని" అన్నాను. అన్నాక అర్థమైంది ఏమన్నానో. మామ ముందు, పెద్దమామ ముందు, పరాయి మెకానిక్కు ముందు, మొగుడు ఇంట్లో ఉండాలని కోరికగా ఉందని అరిచి చెప్పిన కోడలు మా వంశంలో నేనొక్కదాన్నే. నేల చీలితే దూకేదాన్ని. చీలలేదు, డబ్బాలోంచి ఆముదం బొట్టు బొట్టుగా పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. మా ఆయన చెవులు టిల్లరు రంగు కన్నా ఎర్రగా అయ్యాయి.

పెద్దమామ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. కోపమేమో అనుకున్నాను. ఆయన నవ్వుతున్నాడు. శబ్దం లేకుండా, పొట్ట ఎగిరెగిరి పడేట్టు. నవ్వి నవ్వి ఆగి, తమ్ముడితో అన్నాడు. "ఒరే, మీసాలు రాకముందు నుంచి మంద తోలుతాండా. నేను పోయేటప్పుడు మా ఇంట్లో సద్ది మూట కట్టిచ్చినారు గానీ, పోవద్దని ఒక్కరన్నా ఒక చుక్క నూనె పోసినారా? వీడు నాకొద్దు. గొర్రెలకు ఇంకొకన్ని చూసుకుంటా. వీన్ని ఈడనే ఉండనీ."

మా మామ అంత తొందరగా లొంగే రకం కాదు. "ముందు అది తిరగనీ అన్నా. తిరగకుంటే ఈడ ఉండి ఏం చేస్తాడు, ఆముదం ఆడిస్తాడా?" అన్నాడు.

పానా మామ కళ్ళు తుడుచుకుని పనిలో పడ్డాడు. పట్టీలను పెట్రోలుతో రెండుసార్లు కడిగి, ఉప్పుకాగితంతో పై పొర రుద్ది, డబ్బా లోపలంతా గుడ్డతో తుడిచి, అన్నీ ఎండలో పెట్టాడు. ఆరేలోపల నన్ను పిలిచాడు. "ఇట్ల రా బిడ్డా. ఈ బిరడా చూసినావా? ఇది కిటికీ. లోపల పట్టీ అరిగిందా లేదా చూసేదానికి. నోరు కాదు. నీకు పోయాల పోయాల అనుంటే, ఇదో, ఈ లివరు కీలు కాడ, ఇదో, ఈ కడ్డీ చివర, వారానికి రెండు చుక్కలు. చుక్కలు!" అన్నాడు. తర్వాత పట్టీలు బిగించి, మా ఆయన బిగించి బిగించి పాడుచేసిన కడ్డీని మార్చి, లివరుకు వేలెడు వదులు ఉంచి, "తోలుప్పా" అన్నాడు.

మా ఆయన పిడులు పట్టుకున్నాడు. నెల రోజులుగా ఎడమ లివరును రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి నొక్కడం అలవాటైన మనిషి. కల్లం మధ్యకు రాగానే అదే బలంతో నొక్కాడు. టిల్లరు నిలబడిన చోటే గిర్రున ఎడమకు తిరిగింది. పిడులు మా ఆయనను విసిరిన విసురుకు ఆయన పోయి వేరుశనగ కట్టె వామిలో తలకిందులుగా పడ్డాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపించాయి. పానా మామ పరిగెత్తి క్లచ్చు వదిలించి ఇంజను ఆపాడు. నేను వామి దగ్గరికి పరిగెత్తాను, ఇంక పోయే పరువు ఏమీ మిగల్లేదు కదా అని. మా మామ మాత్రం కొడుకు వంక చూడలేదు. ఇసుకలో చక్రం గీసిన గుండ్రటి గీత వంకే చూస్తూ, "తిరిగింది" అన్నాడు. ఇంక ఆ విషయం మీద ఆయన ఎప్పుడూ ఇంకో మాట మాట్లాడలేదు.

ఆదివారం మంద పోయింది. గొర్రెల మెడ గంటలు ఊరి చివర మలుపు దాటిందాకా మేమిద్దరం వాకిట్లో నిలబడి చూశాం. మా ఆయన తలలో వేరుశనగ ఆకు ముక్క ఒకటి ఇంకా ఉంది. చెప్పలేదు నేను. తర్వాత ఆ చీనీ తోటాయన కూడా మళ్ళీ పిలిచాడు, మా ఆయన పీకిన రెండు మొక్కలకు రెండు నాటి ఇచ్చినాక.

ఇప్పుడు మా పెద్దోడు పెద్ద ట్రాక్టరు తోలుతున్నాడు. చిన్నోడు తుమ్మలపల్లె గనిలో పనికి పోతాడు, వాడి మోటారు బండి బ్రేకు మోగితే నేను వినే చెప్తాను పట్టీ అరిగిందని. అంత కష్టపడి ఆపుకున్న మనిషి ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉంటాడు. ఫ్యాను కింద కూర్చుని, కాఫీలో చక్కెర తక్కువైందని, కూరలో కారం ఎక్కువైందని అంటుంటాడు. గండికోట చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం కార్లేసుకుని వస్తున్నారు, నువ్వూ పోయి ఒక పూట చూసి రాపో అంటే కదలడు. (ఇది ఆయన చదువుతాడు. చదవనీ.) ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఏమీ తెలియకపోయినా ఎంత ధీమా దానికి! ఇప్పుడు నాకు ఏ నూనె ఎక్కడ పోయాలో తెలుసు, ఎన్ని చుక్కలో తెలుసు, డబ్బా మీద రాసింది చదవడం కూడా వచ్చు. కానీ అంత నమ్మకంగా, అంత ధారాళంగా ఒక తప్పు చేయమంటే మాత్రం ఇప్పుడు నా వల్ల కాదు.

ఆ గురువారం పొద్దున మా కల్లంలో ఉన్నవాళ్ళ పేర్లు కూడా రాసి ముగిస్తాను, మేం పిలుచుకున్న పేర్లతోనే. మంచం మీద పెద్దమామ. చక్రం పక్కన పానా మామ. చేతులు వెనక్కి కట్టుకుని మా మామ. ఖాళీ చెంబు పట్టుకుని మా అత్త. వామిలోంచి కాళ్ళు మాత్రం కనిపిస్తూ మా ఆయన. ఆ కాళ్ళు పట్టుకుని లాగుతూ నేను, అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ గొంతు వినని కోడలిని, ఆ తర్వాత ఒక్క రోజైనా వినకుండా ఎవరినీ ఉండనివ్వనిదాన్ని.